మార్చిన తుంటి, మిగిలిన వెన్ను
(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మారక ఉపన్యాసం)

ఈ సభలో వైద్యులు కానివాళ్లు కూడా చాలామంది కనిపిస్తున్నారు. మీలో వెన్ను బిగిసే జబ్బు ఉన్నవాళ్లూ, వాళ్ల ఇంట్లోవాళ్లూ ఉన్నారని నిర్వాహకులు చెప్పారు. గంటసేపు కదలకుండా కూర్చుంటే మీకు నడుం ఎలా పట్టేస్తుందో నాకు తెలుసు. మధ్యలో లేచి నాలుగడుగులు వేసి రండి. నా మాటలకు అదేమీ అడ్డం కాదు.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి, తరవాత బోస్టన్ చేరారు. ఆయన కనిపెట్టినవాటి జాబితా మీలో చాలామందికి కంఠస్థం. అందులో ఒక్క సంఘటన దగ్గర మాత్రం కాసేపు ఆగుతాను. 1925లో ఆయన, సైరస్ ఫిస్క్ కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే ఒక పద్ధతి ప్రచురించారు. పరీక్షనాళికలో నీలి రంగు ఎంత చిక్కగా వస్తే ఫాస్ఫరస్ అంత ఉన్నట్టు. రక్తంలో, మూత్రంలో ఆ లెక్క చక్కగా కుదిరింది. కండరం నుంచి తీసిన ద్రవంలో మాత్రం రంగు రావలసినంత వేగంగా రాలేదు, మెల్లగా పెరుగుతూ పోయింది. ఎక్కడో పొరపాటు జరిగిందని ఆ నాళికను పక్కన పెట్టేయవచ్చు. వాళ్లు పెట్టలేదు. కొలతకు లొంగని ఆ ఆలస్యం వెంటపడి, 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను పట్టుకున్నారు. కండరానికి శక్తి ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు దారి అక్కడ దొరికింది.

ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది కూడా కొలతకు లొంగనివాళ్ల గురించే. వెన్ను బిగిసే జబ్బుతో తుంటి కీలు పాడై, కీలు మార్పిడి చేయించుకున్నవాళ్లలో రెండు రకాల మనుషులు మమ్మల్ని తికమక పెడతారు. మా పట్టీలో తక్కువ మార్కులు వచ్చినా సంతోషంగా ఉండేవాళ్లు ఒక రకం. మంచి మార్కులు వచ్చినా ముఖం వేలాడేసుకుని వచ్చేవాళ్లు రెండో రకం. వీళ్లను లెక్కలో చిన్న తేడాలని వదిలేస్తే ఈ ఆపరేషన్ గురించి మనకు తెలియవలసింది తెలియదు. వీళ్ల వెంటపడితే ఒక సంగతి బయటపడుతుందని నా నమ్మకం. తృప్తిగా ఉన్నారా అన్న ప్రశ్నను మనం ఆపరేషన్ అయ్యాక అడుగుతున్నాం. ఈ జబ్బులో దానికి జవాబు చాలావరకు ఆపరేషన్‌కు ముందే తయారవుతుంది. రోగికి ఏం కావాలో అడిగామా, తుంటి ఏమి ఇవ్వగలదో, ఏమి ఇవ్వలేదో చెప్పామా అన్నదాని మీద అది ఆధారపడుతుంది. నా వాదం ఇదే. దీన్ని మెట్టు మెట్టుగా చెబుతాను.

1

యాంకైలోజింగ్ స్పాండిలైటిస్ అనే ఈ జబ్బు ఎక్కువగా ఇరవైల్లో మొదలవుతుంది. నలభై అయిదు దాటాక మొదలవడం అరుదు. మామూలు నడుం నొప్పి పడుకుంటే తగ్గుతుంది. ఇది పడుకుంటే పెరుగుతుంది. తెల్లవారుజామున రెండు మూడింటికి లేపేస్తుంది. పొద్దున లేవగానే ఒళ్లంతా కర్రలా ఉంటుంది. కాస్త తిరిగితే, పని చేస్తే సడలుతుంది. పని చేస్తే తగ్గే నొప్పి కాబట్టి ఇంట్లోవాళ్లు నమ్మరు. కుర్రాడు బద్ధకిస్తున్నాడనుకుంటారు. డిస్కు అనీ, సయాటికా అనీ, కాల్షియం తక్కువనీ తిరిగి తిరిగి, జబ్బు పేరు తెలిసేసరికి సగటున ఆరేడేళ్లు గడిచిపోతున్నాయి. అభివృద్ధి చెందిన దేశాల్లోనూ ఇదే పరిస్థితి.

హెచ్‌ఎల్‌ఏ-బి27 అనే జన్యువుకూ ఈ జబ్బుకూ ఉన్న బంధం 1973లో బయటపడింది. ఆ జన్యువు ఉన్నవాళ్లలో ఎక్కువమందికి జబ్బు రాదు. జబ్బు వచ్చినవాళ్లలో మాత్రం అత్యధికులకు ఆ జన్యువు ఉంటుంది. స్నాయువులు ఎముకను పట్టుకునే చోట వాపు వస్తుంది. వాపు తగ్గేటప్పుడు అక్కడ కొత్త ఎముక పుడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ వెన్నుపూసల మధ్య వంతెనలు ఏర్పడి, వెన్నంతా ఒకే ఎముకగా మారిపోవచ్చు.

ఇక తుంటి సంగతి. ఈ జబ్బు ఉన్నవాళ్లలో సుమారు నాలుగోవంతు నుంచి మూడోవంతు మందికి తుంటి దెబ్బతింటుంది. చిన్న వయసులో జబ్బు మొదలైతే ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. చాలామందికి రెండు తుంట్లూ పోతాయి. మీరు నేల మీద పడిన పెన్ను తీయడానికి వంగినప్పుడు ఆ వంపును నడుమూ తుంటీ పంచుకుంటాయి. నడుం వంగని మనిషికి ఆ పని మొత్తం తుంటి ఒక్కటే చేయాలి. అంటే వెన్ను పోయినవాడికి తుంటే రెండో వెన్ను. అది కూడా వంగిన స్థితిలో బిగుసుకుపోతే ఒళ్లు ముందుకు ఒరుగుతుంది, చూపు నేలకు దిగుతుంది. ఎదుటి మనిషి ముఖం చూడాలంటే మోకాళ్లు వంచి, వెనక్కి ఒరిగి నిలబడాలి. వీధిలో అలా నడిచేవాళ్లను మీరు చూసే ఉంటారు.

ముసలితనంలో తుంటి అరిగినవాడికి అరవై ఏళ్లు మామూలుగా బతికిన జ్ఞాపకం ఉంటుంది. ఈ జబ్బు మనిషికి ఆ జ్ఞాపకం ఉండకపోవచ్చు. ఇంటర్మీడియట్‌లో క్రికెట్ మానేసినవాడు ముప్పయ్యో ఏట ఆపరేషన్ బల్ల ఎక్కుతున్నాడు. మళ్లీ మామూలుగా అవ్వడమంటే అతనికి ఏమిటి? ఈ ప్రశ్నను మనసులో ఉంచుకోమని పీజీ విద్యార్థులను ప్రత్యేకంగా కోరుతున్నాను.

2

ఈ ఆపరేషన్ నొప్పిని తీసేస్తుంది. దీనిలో అనుమానం లేదు. 1962 నవంబరులో ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్‌లీ లోహపు బంతిని గట్టి పాలిథిలీన్ గిన్నెలో కూర్చినప్పటి నుంచి ఇవాళ్టి సిరామిక్ బంతుల దాకా, ఈ ఆపరేషన్ మనిషికి ఇచ్చిన మొదటి వరం రాత్రి నిద్ర.

బ్రిటన్ నుంచి 2002లో ఒక పరిశీలన వెలువడింది. ఈ జబ్బు ఉన్న 103 మందికి మార్చిన 181 తుంట్లను సగటున పదేళ్లు గమనించి రాసింది. నొప్పి చాలా బాగా తగ్గిందన్నవాళ్లు 96 శాతం. పనితీరు బాగుంది, చాలా బాగుంది అన్న వర్గంలోకి వచ్చింది 65 శాతం చిల్లర. పూర్తిగా మామూలుగా, లేదా దాదాపు మామూలుగా పనులు చేసుకోగలిగినవాళ్లు మూడోవంతు కూడా లేరు. అంటే నొప్పి దాదాపు అందరికీ పోయింది, పని మాత్రం అందరికీ జరగలేదు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న ఖాళీలోనే నేను చెప్పే ఇద్దరు మనుషులూ ఉన్నారు.

వాళ్లు ఎలా ఉంటారో చెబుతాను. మొదటి మనిషి రెండు తుంట్లూ పూర్తిగా బిగిసి, కాళ్లు విడివడక, రెండేళ్లుగా మంచం మీద ఒక పక్కకే పడుకుని ఉన్నవాడు. ఆపరేషన్ అయ్యాక చేతికర్రతో నడుస్తాడు. కుంటు ఉంటుంది. మెట్లెక్కడానికి రెయిలింగు పట్టుకోవాలి. సంతోషంగా ఉన్నారా అని అడిగితే, నా పని నేను చేసుకుంటున్నాను సార్, ఇంకేం కావాలి అంటాడు. రెండో మనిషి ఉద్యోగం చేస్తూ, నొప్పి మాత్రలతో నెట్టుకొస్తూ, తుంటి మారితే జబ్బే పోతుందనుకుని వచ్చినవాడు. ఆపరేషన్ చక్కగా కుదిరింది, ఎక్స్‌రే పుస్తకంలో వేసుకునేలా ఉంది. ఆర్నెల్ల తరవాత వచ్చి, నడుం ఇంకా పట్టేస్తోంది, మెడ తిరగడం లేదు, పొద్దున్నే లేవలేకపోతున్నాను అంటాడు. అవేవీ తుంటి బాధలు కావు. కానీ అతనికి చేసిన వాగ్దానం తుంటి గురించి మాత్రమేనని అతనికి ఎవరు చెప్పారు?

తృప్తి అంటే చేరిన చోటుకూ బయలుదేరిన చోటుకూ మధ్య దూరమని కొందరంటారు. చేరిన చోటుకూ చేరతాననుకున్న చోటుకూ మధ్య దూరమని మరికొందరు. ఈ జబ్బులో రెండూ పని చేస్తున్నాయి. మొదటి మనిషిని మొదటి లెక్క కాపాడింది, రెండో మనిషిని రెండో లెక్క ముంచింది.

3

ఇక మార్కుల పట్టీ. ఈ భాగం కాస్త నిదానంగా చెప్పుకోవాలి.

తుంటి ఆపరేషన్ ఫలితాన్ని చెప్పడానికి ప్రపంచమంతా, మన వైద్య కళాశాలల్లో రాసే థీసిస్‌లతో సహా, ఎక్కువగా వాడేది హారిస్ స్కోరు. విలియం హారిస్ 1969లో బోస్టన్‌లో దీన్ని తయారు చేశారు. అప్పుడు ఆయన చూస్తున్నది దెబ్బ తగిలి తుంటి గిన్నె విరిగి, తరవాత కీలు అరిగినవాళ్లను. మొత్తం 100 మార్కులు. నొప్పికి 44, పనితీరుకు 47, కీలు తిరిగే మేరకు 5, వంకర లేనందుకు 4. పనితీరులో కుంటుకు 11, చేతికర్ర అవసరానికి 11, నడిచే దూరానికి 11, కుర్చీలో కూర్చోవడానికి 5, మెట్లకు 4, బూట్లూ సాక్సులూ వేసుకోవడానికి 4, బస్సో రైలో ఎక్కగలిగితే 1. తొంభై దాటితే అత్యుత్తమం, ఎనభై దాటితే బాగున్నట్టు.

ఇప్పుడు ఈ పట్టీతో మన రోగి ఒకరిని కొలుద్దాం. నొప్పి లేదు, 44. కొద్దిగా కుంటు, 8. దూరం నడిస్తే చేతికర్ర, 7. ఆరు వీధుల దూరం నడుస్తాడు, 8. రెయిలింగు పట్టుకుని మెట్లెక్కుతాడు, 2. బూట్లు కష్టపడి వేసుకుంటాడు, 2. మామూలు కుర్చీలో గంటసేపు కూర్చుంటాడు, 5. బస్సెక్కుతాడు, 1. వంకర లేదు, 4. కీలు తిరిగే మేర ఫరవాలేదు, 4. కూడితే 85. బాగున్నట్టే లెక్క. ఈ మనిషి కింద కూర్చోలేడు. పెళ్లిలో పీటల మీద కూర్చుని కన్యాదానం చేయలేడు. నమాజులో వంగి నుదురు ఆనించలేడు. పొలంలో గొంతుక్కూర్చుని కలుపు తీయలేడు. పాత పద్ధతి మరుగుదొడ్డి ఉన్న చుట్టాలింట్లో ఒక రాత్రి ఉండలేడు. వీటిలో ఒక్కదానికీ హారిస్ పట్టీలో గడి లేదు. సాక్సులకు నాలుగు మార్కులున్నాయి. మన జిల్లాల్లో చాలామంది సాక్సులే వేసుకోరు. పల్లెవెలుగు బస్సు మొదటి మెట్టు నేల నుంచి ఎంత ఎత్తులో ఉంటుందో మీకందరికీ తెలుసు. ఊరి నుంచి ఆసుపత్రికి రావాలన్నా, సంతకు పోవాలన్నా ఆ మెట్టే దిక్కు. దానికి ఒక్క మార్కు.

హారిస్ గారిని తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. ఆయన తన ముందున్న రోగుల జీవితాన్ని శ్రద్ధగా చూసి, వాళ్లకు కావలసిన పట్టీ తయారు చేసుకున్నారు. మనం చేయవలసింది కూడా ఆ శ్రద్ధే. దానికి బదులు వాళ్ల పట్టీని తెచ్చుకుని, మన రోగి జీవితాన్ని దానిలో ఇరికిస్తున్నాం.

1996లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ హిప్ స్కోరు ఒక ముఖ్యమైన మార్పు తెచ్చింది. అందులోని 12 ప్రశ్నలకూ డాక్టరు కాకుండా రోగే జవాబు రాసుకుంటాడు. స్నానం చేసి ఒళ్లు తుడుచుకోవడం, ఇంటికి కావలసిన సరుకులు తెచ్చుకోవడం, భోజనం చేసి కుర్చీలోంచి లేవడం, రాత్రి మంచంలో నొప్పి, ఇలాంటివి అడుగుతుంది. 2012లో వచ్చిన మరో పట్టీ ఇంకా ముందుకు వెళ్లి, మీకు కృత్రిమ కీలు ఉందన్న సంగతే మరచిపోతున్నారా అని అడిగింది. ముసలితనపు అరుగుదలకు అది చక్కటి ప్రశ్న. వెన్ను బిగిసినవాడికి తన ఒంట్లో ఏ కీలునూ మరచిపోయే భాగ్యం ఉండదు. అతనికి ఆ ప్రశ్నే సరిపోదు.

అందరినీ ఒకే కొలతతో కొలవడంలోని ఈ ఇబ్బందిని చార్న్‌లీ ముందే గుర్తించాడు. 1972లో ఆయన రోగులను మూడు వర్గాలు చేశాడు. ఒక్క తుంటే పాడైనవాళ్లు ఎ. రెండు తుంట్లూ పాడై, మిగతా ఒళ్లు బాగున్నవాళ్లు బి. నడకను దెబ్బతీసే ఇతర జబ్బులున్నవాళ్లు సి. నడక ఎంత మెరుగైందో పోల్చేటప్పుడు ఈ మూడు వర్గాలనూ కలపకూడదని ఆయన ఉద్దేశం. మన రోగుల్లో ఎక్కువమంది సి వర్గానికి చెందుతారు. అయినా ఇవాళ్టికీ ముసలివాళ్ల అరుగుదల సగటును వీళ్ల ముందు పెట్టి, నీకు తక్కువ వచ్చిందని తేలుస్తున్నాం.

4

సర్జన్లతో కొన్ని మాటలు చెప్పాలి. మిగతావాళ్లు కూడా వినండి. మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ జరిగే ముందు డాక్టరును ఏం అడగాలో దీనివల్ల తెలుస్తుంది.

మామూలు మనిషి నిలబడి ఉన్నవాడు కూర్చునేటప్పుడు కటి ఎముక వెనక్కి వాలుతుంది. అలా వాలినప్పుడు తుంటి గిన్నె ముందుకు తెరుచుకుని, పైకి లేచే తొడకు చోటిస్తుంది. వెన్ను బిగిసినవాడికి కటి అలా కదలదు. గూని ఎక్కువగా ఉన్నవాడికైతే నిలబడినప్పుడే కటి వెనక్కి వాలి ఉంటుంది. అలాంటివాడిని బల్ల మీద పడుకోబెట్టి, పుస్తకంలో రాసిన కోణాల ప్రకారం గిన్నె అమరిస్తే, లేచి నిలబడేసరికి అది ముందుకు మరీ తెరుచుకుపోతుంది. కాలు వెనక్కి చాచినప్పుడు బంతి ముందు వైపుకు జారిపోవచ్చు. 1978లో లూయినెక్, ఆయన సహచరులు ప్రతిపాదించిన సురక్షిత కోణాలు, అంటే 40 డిగ్రీల వాలు, 15 డిగ్రీల ముందు చూపు, రెండింటికీ పది డిగ్రీలు అటూ ఇటూ, మామూలుగా కదిలే వెన్నును దృష్టిలో పెట్టుకున్నవి. ఇక్కడ అవి మార్చుకోవాలి. నిలబడి ఒకటి, కూర్చుని ఒకటి, పక్క నుంచి రెండు ఎక్స్‌రేలు తీసి చూడకుండా ఈ జబ్బులో గిన్నె కోణం నిర్ణయించకూడదని నా అభిప్రాయం. జారే భయం ఎక్కువగా ఉన్నచోట రెండు కదలికల గిన్నె వాడుకోవచ్చు. దాని ఆలోచన ఫ్రాన్సులో 1970ల్లో పుట్టింది.

తుంటి పూర్తిగా బిగిసి ఏళ్లు గడిచినవాళ్లలో పిరుదు కండరాలు చిక్కిపోయి ఉంటాయి. ఆపరేషన్ అయిన మర్నాడే కీలు తిరుగుతుంది, కండరం మాత్రం తిరగదు. దానికి బలం రావడానికి నెలలు, కొందరికి రెండేళ్లు కూడా పడుతుంది. ఆరు వారాల తరవాత కుంటు ఎందుకు పోలేదని నిరాశపడే మనిషికి ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి. ఫిజియోథెరపీని డిశ్చార్జి కాగితంలో ఒక వాక్యంగా రాసి పంపితే సరిపోదు.

కీలు చుట్టూ అక్కర్లేని ఎముక పెరగడం ఈ జబ్బులో మరో బెడద. ఇండోమెథాసిన్ మాత్రలు, లేదా ఆపరేషన్‌కు కాస్త ముందో, అయిన వెంటనేనో ఇచ్చే ఒక్క విడత రేడియేషన్ దాన్ని చాలావరకు ఆపుతాయి. మత్తు డాక్టరుకు మెడ వంగని రోగి పెద్ద పరీక్ష. నోరు తెరుచుకోదు, మెడ వెనక్కి పోదు, వెన్నులో సూది దిగదు. మెలకువగా ఉండగానే ఫైబర్ గొట్టంతో శ్వాసనాళంలోకి వెళ్లవలసి రావచ్చు. ఇది ముందే చెప్పకపోతే రోగి ఆపరేషన్‌ను ఒక భయంకరమైన జ్ఞాపకంగా మోసుకుని ఇంటికి వెళతాడు. ఆ జ్ఞాపకం కూడా తృప్తి లెక్కలోకి వస్తుంది.

5

సుబ్బారావు గారి పేరు మీద జరిగే సభలో మందుల మాట చెప్పకుండా ఉండలేను. ఇవాళ చేతివేళ్ల కీళ్లవాతంతో వచ్చే రోగి చీటీలో సాధారణంగా రెండు మందులుంటాయి. వారానికొకసారి మెథోట్రెక్సేట్, మిగతా రోజుల్లో ఫోలిక్ యాసిడ్. రెండూ ఆయన నడిపిన లెడర్లీ పరిశోధనశాల నుంచి వచ్చినవే. ఆయన ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. ఆ జబ్బుకు ఫోలిక్ యాసిడ్ మందయింది. దాని మీద చేసిన పని నుంచే దానికి విరుగుడైన అమినోప్టెరిన్, ఆ తరవాత మెథోట్రెక్సేట్ పుట్టాయి. 1948 ఆగస్టులో, యాభై మూడేళ్ల వయసులో ఆయన పోయేనాటికి, తన మందు కోట్లమంది కీళ్లను కాపాడుతుందని ఆయనకు తెలిసే వీలు లేదు.

అదే మెథోట్రెక్సేట్ వెన్ను మీద పెద్దగా పని చేయదు. వెన్ను బిగిసే జబ్బుకు చాలా కాలం నొప్పి మాత్రలూ వ్యాయామమూ మాత్రమే దిక్కు. ఈ శతాబ్దం మొదట్లో వాపును రేపే టీఎన్‌ఎఫ్ అనే పదార్థాన్ని అడ్డుకునే ఇంజెక్షన్లు, ఆ తరవాత అలాంటిదే అయిన ఐఎల్-17ను అడ్డుకునేవి వచ్చాక దారి తెరుచుకుంది. కొన్ని మన దేశంలోనే తయారవుతున్నాయి. ఆపరేషన్‌కు వెళ్లేవాళ్లు వీటిని ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలో అమెరికా రుమటాలజీ, కీలు మార్పిడి సంఘాలు కలిసి 2017లోనూ, మళ్లీ 2022లోనూ స్పష్టంగా చెప్పాయి. తరవాతి డోసు పడవలసిన సమయానికి ఆపరేషన్ పెట్టుకుని, ఆ డోసు ఆపి, గాయం మానాక, సుమారు రెండు వారాలకు, మళ్లీ మొదలుపెట్టాలి. మెథోట్రెక్సేట్ వాడుతుంటే ఆపనక్కర్లేదు.

నేను తరచు చూసేది మరొకటి. ఆపరేషన్ కోసం ఆపిన మందు మళ్లీ మొదలు కాదు. సర్జను తన పని అయిందనుకుంటాడు. రుమటాలజిస్టు దగ్గరకు మళ్లీ ఎవరూ పంపరు. ఖర్చు ఒకటి ఉండనే ఉంది. తుంటి నొప్పి పోయింది కాబట్టి రోగి కూడా ఊరుకుంటాడు. మూడు నెలలకు నడుమూ మెడా మళ్లీ మంటెక్కుతాయి, అలసట కమ్ముకుంటుంది. ఈ జబ్బు తీవ్రతను కొలవడానికి ఇంగ్లండులోని బాత్ ఆసుపత్రివాళ్లు 1994లో తయారు చేసిన బాస్‌డాయ్ పట్టీ మొట్టమొదట అడిగేది అలసట గురించే. తుంటి పట్టీలు అలసటను అడగవు. సర్జను ఒక కాగితం, రుమటాలజిస్టు ఒక కాగితం నింపుతున్నారు. రోగి ఒక్కడే. తృప్తి లేదని అతను చెప్పినప్పుడు ఆ మాట ఏ కాగితంలో రాయాలో ఎవరికీ తెలియదు. నెలకొక రోజైనా ఇద్దరు డాక్టర్లూ ఒకే గదిలో కూర్చుని ఈ రోగులను చూడాలి. దీనికి కొత్త యంత్రాలు అక్కర్లేదు.

6

అందుకని ఆపరేషన్‌కు ముందు ఏం అడగాలి? తేదీ ఖరారు చేసే ముందు ఒక అరగంట తీరిగ్గా కూర్చుని, ఇప్పుడు చేయలేక మీరు బాధపడుతున్న మూడు పనులు చెప్పండి అని అడగాలి. మొదట నొప్పి అంటారు. కాస్త ఆగితే అసలు మాటలు వస్తాయి. ఒకరు కింద కూర్చోవాలంటారు. ఒకరు మోటారు సైకిలు ఎక్కాలంటారు. ఒకరు కాలి గోళ్లు తనే కత్తిరించుకోవాలంటారు. ఒక తల్లి బిడ్డను చంకనేసుకుని నడవాలంటుంది. దాంపత్యం గురించి మాత్రం ఎవరూ తమంతట తాము చెప్పరు. రోగులు ఎక్కువగా ఇరవై అయిదు, ముప్పై అయిదు మధ్యవాళ్లు. పెళ్లి ఆగిపోయినవాళ్లు, పెళ్లయి దూరంగా బతుకుతున్నవాళ్లు వీళ్లలో ఉన్నారు. కాళ్లు విడివడని తుంటి వల్ల ఏమవుతుందో డాక్టరుకు తెలుసు. అడగవలసిన బాధ్యత డాక్టరుదే. ఆడవాళ్ల విషయంలో కాన్పు సంగతి కూడా ఇక్కడే రావాలి.

చెప్పిన ప్రతి పనికీ ఎదురుగా సాధ్యం, కొంత సాధ్యం, సాధ్యం కాదు అని రాసి ఇవ్వాలి. బాసింపట్టు వేసుకుని కూర్చోవడం విషయంలో సర్జన్ల మధ్య ఏకాభిప్రాయం లేదు. పెద్ద బంతి వాడినచోట కొందరు ఒప్పుకుంటారు, కొందరు జీవితాంతం వద్దంటారు. వెన్ను కదలని మనిషికి నేను వద్దనే చెబుతాను. ఆ మాట కూడా ముందు చెప్పాలి, ఎందుకో చెప్పాలి. పాత మరుగుదొడ్డి బదులు కుర్చీ మరుగుదొడ్డి కట్టించుకోవడానికి ఇంట్లోవాళ్లకు వ్యవధి ఇవ్వాలి. ఆ కాగితాన్ని కేసు షీటులో దాచి, ఆర్నెల్లకు, ఏడాదికి, అయిదేళ్లకు అదే తీసి అదే మనిషిని మళ్లీ అడగాలి. స్వీడన్ 2002 నుంచి తుంటి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లను నొప్పితో పాటు తృప్తి గురించి కూడా అడుగుతోంది. చార్న్‌లీ వర్గం కూడా రాసుకుంటోంది. ఇంగ్లండులో 2009 ఏప్రిల్ నుంచి ఆపరేషన్‌కు ముందూ ఆర్నెల్ల తరవాతా ప్రశ్నాపత్రాలు పంపుతున్నారు. మన ఆసుపత్రుల్లో ఒక్క విభాగమైనా ఈ పని మొదలుపెట్టవచ్చు. సాక్సుల గడి తీసేసి, నేలా, బస్సు మెట్టూ, పొలం గట్టూ పెట్టుకోవచ్చు. పీజీ విద్యార్థులారా, థీసిస్ అంశం కోసం వెతుకుతున్నవాళ్లు మీలో ఉంటారు. ఇది తీసుకోండి.

చివరగా వయసు ప్రశ్న ఒకటి ఉంది. ఇరవై ఎనిమిదేళ్లవాడికి, ఇప్పుడే వద్దు, కీలు అరిగిపోతుంది, నలభై దాటాక చేద్దాం అని చెప్పడం మనకు అలవాటు. ఈ జాగ్రత్త వెనక కారణముంది. 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం మార్చిన తుంట్లలో సుమారు 58 శాతం ఇరవై అయిదేళ్లు నిలుస్తాయి. అంటే ఈ కుర్రాడికి రెండో ఆపరేషన్ తప్పకపోవచ్చు. పైగా ఆ లెక్కలో ఉన్నవాళ్లు ఎక్కువమంది పెద్ద వయసువాళ్లు. కానీ ఆగమన్న పన్నెండేళ్ల ఖరీదు ఎవరు కట్టారు? చదువు ఆగింది, ఉద్యోగం రాలేదు, కండరం చిక్కిపోయింది, రెండో తుంటి కూడా వంకరగా బిగిసింది. నలభయ్యో ఏట చేసే ఆపరేషన్ కష్టమైనదిగా మారింది, దాని ఫలితం తగ్గింది. ఇప్పటి పాలిథిలీన్ పాతదానికన్నా చాలా తక్కువగా అరుగుతుంది. అందుకని తుంటి బిగిసి, బతుకు ఆగిన చోట వయసు ఒక్కదాన్ని చూసి వాయిదా వేయవద్దని నేను యువ సర్జన్లకు చెబుతున్నాను. రెండో ఆపరేషన్ రావచ్చని అతనికి స్పష్టంగా చెప్పండి. ఆ రెండో ఆపరేషన్‌కు ఎముక మిగిలేలా మొదటిది చేయండి. చెప్పాక, ఇప్పుడా తరవాతా అన్నది అతన్నే నిర్ణయించుకోనివ్వండి.